పట్టపగటి లైటు

మా ఆయన్ని కారుతో గుద్దిన మనిషి చెడ్డవాడేమీ కాదు. వెంటనే కారు ఆపాడు. రోడ్డు పక్క గడ్డిలో పడివున్న మా ఆయన హెల్మెట్ లాక్కోబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా తన జాకెట్ విప్పి కప్పాడు. ఇంత చేసి, "సారీ మేట్, డిడ్న్ట్ సీ యూ" అన్నాడట. నువ్వు నాకు కనపడలేదు అని. ఎమర్జెన్సీ వార్డులో మా ఆయన ఈ మాట చెప్పినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరడుగుల మనిషి, ఎర్రటి బండి, పట్టపగలు, పైగా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది. కనపడకపోవడానికి మా ఆయనేమన్నా దోమా?

అప్పుడు నేను మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. వీసా నాది, చదువు నాది, ఆస్ట్రేలియా అనే ఆలోచన కూడా నాదే. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని డిపెండెంట్‌గా నా వెంట లాక్కొచ్చాను. నగరం శివార్లలో, క్రాన్‌బర్న్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంటి వెనక గ్రానీ ఫ్లాటు అనే చిన్న వాటాలో ఉండేవాళ్ళం. నేను రైలెక్కి యూనివర్సిటీకి వెళ్ళేదాన్ని. తను ఊరు దాటాక కూరగాయల తోటల మధ్య ఉన్న ఒక షెడ్డులో సెలెరీ అనే కాడల కూర కట్టలు ప్యాక్ చేసేవాడు. తెల్లారాక వెళ్ళి, మధ్యాహ్నం దాటాక వచ్చే షిఫ్టు. అటువైపు బస్సు పోదు కాబట్టి పాత మోటారుసైకిలు ఒకటి కొన్నాం. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక పెద్ద రౌండబౌటు, సిగ్నళ్ళు లేని గుండ్రటి కూడలి, ఉంది. నాలుగు వైపుల నుంచీ లారీలు, వెనక తొట్టి ఉండే యూట్లు, పిల్లల్ని బడిలో దింపి ఇంటికి పరిగెత్తే తల్లుల పెద్ద పెద్ద కార్లు వచ్చి అక్కడ కలుస్తాయి. మా ఆయన్ని గుద్దింది అక్కడే.

మెడ కింద ఎముక విరిగింది. కొన్నాళ్ళకు అతుక్కుంది. బండి కూడా బాగుపడింది. మళ్ళీ అదే బండి, అదే దారి. వద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఆ పని మానెయ్యి. ఇంకోటి చూసుకుందాం."

"ఇంకోటి యాడుంది? నీ సెమిస్టర్ మధ్యలో ఉన్న పని వదిలేసి రెజ్యూమేలు పంచుకుంటా తిరగమంటావా? ఏం కాదులేవే. ఒకసారి తగిలింది, అయిపోయింది. లాటరీ ఎవడికన్నా రెండుసార్లు తగులుద్దా?"

ఆ ఎగతాళికి నాకు నవ్వు రాలేదు. నాకున్నది ఒకే భయం. ఈ మనిషి ఆ రౌండబౌటులో చచ్చిపోతాడు. నన్ను నమ్మి వచ్చినవాడు, నా చదువు కోసం సెలెరీ కట్టలు కట్టడానికి పోతూ చచ్చిపోతాడు. వాళ్ళమ్మకు నేను ఫోన్ చేసి చెప్పాలి. ఏ పని చేస్తున్నా ఆ ఫోన్లో నేను మాట్లాడబోయే మాటలే మనసులో తిరిగేవి. రైల్లో కూచుని "చేరావా?" అని మెసేజ్ పెట్టేదాన్ని. "చేరా" అని జవాబొచ్చేదాకా ముందున్న పేజీలో ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. షెడ్డులో ఫోన్లు లాకర్లో పెట్టాలి. ఒక్కోసారి తను మెసేజ్ చూడకుండానే లోపలికి పోయేవాడు. ఆ రోజు నేను లెక్చర్లో ఉన్నానంటే ఉన్నాను, అంతే.

పసుపు రంగు జాకెట్ కొన్నాను. తెల్ల హెల్మెట్ కొన్నాను. అయినా తృప్తి లేదు. నెట్‌లో మోటారుసైకిలు వాళ్ళు రాసుకునే ఫోరమ్‌లు చదవడం మొదలుపెట్టాను. నా అసైన్‌మెంటు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు. ప్రతివాడిదీ మా కథే. సారీ మేట్, డిడ్న్ట్ సీ యూ. అక్కడే నాకు హెడ్‌లైట్ మాడ్యులేటర్ సంగతి తెలిసింది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన ఒక డబ్బా. హెడ్‌లైటు బల్బుకూ దాని సాకెట్టుకూ మధ్య తగిలిస్తే, పగటిపూట లైటు నిలకడగా వెలగకుండా గబగబా తగ్గుతూ పెరుగుతూ కొట్టుకుంటుంది. ఎదుటివాడు ఏ పరధ్యానంలో ఉన్నా ఆ కదలికకు చూపు అటు తిరుగుతుందట. చీకటి పడితే ఎదుటివాళ్ళ కళ్ళు చెదరకుండా లైటు మామూలుగా అయిపోవాలి. అందుకని పగలో రాత్రో కనిపెట్టడానికి బఠాణీ గింజంత సెన్సర్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆకాశం కనపడేలా బిగించాలి.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో నేను చదివింది ఎలక్ట్రానిక్సే. ఆ చదువు పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాను. మా ఆయన దానికి అప్పుడే పేరు కూడా పెట్టాడు, మిణుగురు పెట్టె అని.

పెట్టె వచ్చిన ఆదివారం ఇంటిముందు కార్‌పోర్టు రేకుల కింద బండి ఆపి, స్క్రూలు విప్పి హెడ్‌లైటు బయటికి లాగాను. వెనక మూడు పిన్నుల సాకెట్టు. పెట్టె ఒక కొస అందులో గుచ్చాను, రెండో కొస బల్బుకు గుచ్చాను, నల్ల వైరు ఫ్రేముకు బిగించాను. అంతా వీడియోలో చూపించినట్టే. తాళం తిప్పాం. లైటు పిచ్చిపట్టినట్టు నాలుగుసార్లు టపటపలాడి ఆరిపోయింది. మళ్ళీ తిప్పాం, మళ్ళీ అంతే. పెట్టె తీసేస్తే చక్కగా వెలుగుతోంది. పెడితే ఆరిపోతోంది.

తప్పు బల్బుది. మాకంటే ముందు ఆ బండి నడిపినవాడు పాత బల్బు పీకేసి ఎల్ఈడీ బల్బు పెట్టించాడు. పాత రకం బల్బు అమాయకురాలు, ఎంత కరెంటు ఇస్తే అంత వెలుగుతుంది. ఎల్ఈడీ అలా కాదు. దాని వెనక దాని సొంత సర్క్యూటు ఉంటుంది. కరెంటు పెంచుతూ తగ్గిస్తూ ఆడిస్తే ఎంతవరకో ఓర్చుకుని, ఆ తర్వాత నావల్ల కాదని ఆరిపోతుంది. అంటే నేను చేసిన పనికి మా ఆయన ఇంకా బాగా కనపడతాడనుకుంటే, ఉన్న వెలుగు కూడా పోతుంది.

సరే, పాత రకం బల్బే పెడదామని కొనుక్కొచ్చాను. అది లోపల కూచోలేదు. ఎల్ఈడీ పట్టడం కోసం ఆ మహానుభావుడు బల్బును పట్టి ఉంచే క్లిప్పు కోసి పారేశాడు. గంటసేపు వైరుముక్కతో కట్టాలని చూశాను. వేళ్ళు కోసుకుపోయాయి. ఆఖరికి స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టి, బండి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. మా ఆయన పక్కన కూచుని నా వేలికి బ్యాండెయిడ్ చుట్టాడు.

"పోనీలేవే. మన మిణుగురు మూడ్‌లో లేదు."

"నువ్వు చస్తే నీకు తమాషాగా ఉంటది. నాకుండదు" అన్నాను. తను లేచి, హెడ్‌లైటు మళ్ళీ లోపల పెట్టి స్క్రూలు బిగించాడు.

ఎల్ఈడీ బల్బులకు సరిపడే మాడ్యులేటర్లు వేరే ఉన్నాయి. ఇక్కడ దొరకలేదు, అమెరికా నుంచి తెప్పించాలి. ఆర్డరిచ్చాను. అది వచ్చేదాకా గడిపిన రోజులు నా చదువుకాలంలోకెల్లా చెడ్డవి. ఉదయం తను గేటు దాటుతుంటే ఇదే ఆఖరి చూపేమో అనిపించేది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. పొద్దున పూట గొడవ పెట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కోపంగా పంపిస్తే, ఆ తర్వాత ఏమైనా అయితే? ఈ లెక్కన ఉప్మాలో ఉప్పు లేదని తను అన్నా నవ్వుతూ ఊరుకున్నాను. నేను అలా ఊరుకుంటే మా ఆయనకు ఎంత అనుమానం వచ్చి ఉండాలో ఆలోచించండి.

కొత్త పెట్టె వచ్చింది. ఈసారి వీడియోలు చూడలేదు, దాంతో వచ్చిన కాగితం మూడుసార్లు చదివాను. కనెక్షన్లు ఊడిపోకుండా సోల్డరింగ్ చేశాను. సెన్సర్ వైరును హెడ్‌లైటు డొప్ప వెనక నుంచి పైకి తెచ్చి, సరిగ్గా డొప్ప నెత్తిన, నడిమధ్యలో అంటించాను. తాళం తిప్పితే లైటు వెలిగింది. ఒక క్షణం ఆగి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎంత ఎండలోనూ కళ్ళు తిప్పుకోలేనంతగా కొట్టుకుంది. సెన్సర్ మీద అరచెయ్యి అడ్డం పెడితే నిలకడగా వెలిగింది, చెయ్యి తీస్తే మళ్ళీ కొట్టుకుంది. నేను చెయ్యి పెట్టి తీసి, పెట్టి తీసి చిన్నపిల్లలా ఆడుకున్నాను. ఇంటి ఓనరు ఆంటీ బట్టలు ఆరేయడానికి వచ్చి నిలబడిపోయింది. ఆవిడది రాజమండ్రి.

"ఇదేంటమ్మాయ్, నీ బండి దారినపోయే వాళ్ళందరికీ కన్ను కొడతంది!"

"కొట్టనీ ఆంటీ. చూస్తే చాలు."

ఆ రాత్రి చాలాకాలానికి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. తర్వాతి రోజుల్లో "చేరావా" అని అడగడం కూడా ఒకటి రెండుసార్లు మర్చిపోయాను. మా ఆయన కూడా హుషారయ్యాడు. ఉదయాన్నే ఉరుకులు పరుగులు మానేసి, రెండో కాఫీ తాగి తీరిగ్గా బయల్దేరేవాడు. లైటు చూసి ఒక లారీవాడు దారిచ్చాడనీ, ఒక ముసలావిడ మరీ దూరాన్నే ఆగిపోయిందనీ కథలు చెప్పేవాడు. నేను చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇన్నాళ్ళకు ఈ దేశంలో నేను చేసిన ఒక పని పూర్తిగా ఫలించిందనిపించింది.

అంతలో దసరా వచ్చింది. ఆంటీ వాళ్ళింట్లో ఆయుధపూజ గట్టిగా చేస్తారు. అంకుల్ లాప్‌టాప్‌కు బొట్టు, గడ్డి కోసే మెషీనుకు బొట్టు, రెండు కార్లకూ చక్రాల కింద నిమ్మకాయలు. మా బండి కూడా కడిగి వరసలో పెట్టాం. ఆంటీ గిన్నెడు గంధం చిక్కగా కలిపి తెచ్చింది. ట్యాంకుకు పెట్టింది, హ్యాండిలుకు పెట్టింది, మడ్‌గార్డుకు పెట్టింది. "పాపం, ఆ దారిలో దెబ్బ తిన్న బండి. దీనికి ఇంకాస్త గట్టిగా పెట్టాలి" అంటూ హెడ్‌లైటు నెత్తిన, నడిమధ్యలో, బొట్టు కోసమే చేసినట్టు గుండ్రంగా ఉన్నచోట బొటనవేలితో దిట్టంగా అద్ది, పైన కుంకుమ పెట్టింది. నేను పక్కనే చేతులు జోడించుకుని నిలబడ్డాను. నా మనసు నిండిపోయింది. సైన్సు నేను చేశాను, మిగతాది ఆవిడ చేసింది, ఇంక మా ఆయనకు ఢోకా లేదనుకున్నాను.

పూజ చేసిన బొట్టు తుడవకూడదు. దానంతటదే పోవాలి. ఇది మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మర్నాడు బండి మీద దుమ్ము తుడుస్తూ మా ఆయన బొట్టు చుట్టూ జాగ్రత్తగా గుడ్డ తిప్పడం చూశాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా బండి చప్పుడు వినపడింది. ఎప్పటిలా తలుపు తోసుకుని రాలేదు. బయటికొచ్చి చూస్తే మెట్టు మీద కూచుని ఉన్నాడు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. అరచేతుల నిండా ఇసుక, రక్తం.

"ఏమైంది?"

"మళ్ళీ అక్కడే. ఈసారి తగల్లా. నేనే బండి పడేశా. కారు నడిపే ఆవిడ నా వంక చూసింది. చూసి కూడా వచ్చేసింది."

నీళ్ళు తెచ్చి తన చేతులు కడిగాను, డెటాల్ రాశాను. ఇంక నా దగ్గర చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. జాకెట్ అయింది, హెల్మెట్ అయింది, పెట్టె అయింది, పూజ కూడా అయింది. వాళ్ళ కళ్ళముందు దీపావళి చేసినా మేము కనపడం. ఈ ఊళ్ళో నా మొగుణ్ణి బతికించుకునే దారి లేదు. ఈ మాటే పైకి అన్నాను, ఏడుస్తూ, అరుస్తూ.

ఏం చెయ్యాలో తెలియక బండి దగ్గరికి పోయాను. ఒక అద్దం విరిగింది. తాళం తిప్పాను. ఎండ పెళపెళలాడుతోంది. లైటు వెలిగింది. నిలకడగా వెలుగుతూనే ఉంది. కొట్టుకోవడం లేదు.

పడ్డప్పుడు వైరు తెగిందనుకున్నాను. హెడ్‌లైటు విప్పి, ఒక్కో అతుకూ లాగి చూశాను. మీటరు పెట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. పెట్టెకు కరెంటు వస్తోంది. కానీ అది రాత్రి అనుకుంటోంది. ఇంత ఎండలో రాత్రెలా అయిందే నీకు అని తిడుతూ సెన్సర్ మీద చెయ్యి వేశాను. వేలికి గరుగ్గా తగిలింది. గంధం. ఎండి, సున్నంలా గట్టిపడి, మీద కుంకుమతో, ఆ గాజు కన్నును నిండా మూసేసింది.

గోటితో గీకాను. పెచ్చుగా ఊడి వచ్చింది. లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మా ఆయన మెట్టు మీంచి లేచి వచ్చాడు. లైటు వంక చూశాడు, నా గోటికి అంటిన కుంకుమ వంక చూశాడు.

"అంటే దసరా కాడ్నించీ ఇది కొట్టుకోటల్లా?"

"లేదు."

"నేనేమో కొట్టుకుంటుందనుకుంటున్నా. బండి పైన కూచున్నోడికి పగలు లైటు తెలవదు కదా." విరిగిన అద్దాన్ని తిప్పి చూశాడు. తర్వాత నా ముఖం చూడకుండా అన్నాడు. "నీకో సంగతి చెప్పలా. యాక్సిడెంట్ అయినాక నేను ఆ రౌండబౌటులో బండి మీద పోలా. ముందే దిగి, ఇంజను ఆపి, పక్కన నడిచేవాళ్ళ దారిలో నెట్టుకుంటా దాటేవాణ్ణి. రోజూ. అందుకే అంత పెందలాడే బయల్దేరేది."

నేను తాళం తిప్పి లైటు ఆపేశాను.

"ఎక్కి పోదామనే చూశా. చేతులు ఒణికేయి. యాక్సిలరేటర్ తిరిగేది కాదు. నువ్వు లైటు పెట్టినాక ధైర్యం వచ్చింది. అప్పట్నించే ఎక్కి పోతున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఏం కాదు ఏం కాదు అని నీకు చెప్పేది నేనేనా? నువ్వేమో వైర్లు పట్టుకుని ఏడుస్తన్నావు. ఇట్టా నెట్టుకుంటా పోతన్నానంటే ఇంకా భయపడవా? నువ్వు పెట్టిన లైటు కదా అని నమ్మా. ఇయాళ కూడా ఆగి చూళ్ళా. కనపడతన్నాలే అని ఎళ్ళిపోయా."

ఆంటీ మీద కోపం వచ్చింది. నా మీద, ఆ పెట్టె మీద, గుంటూరులో మా పెళ్ళి చేసిన వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా భయం వేసింది. ఇన్ని నెలలూ మా ఆయన ప్రాణం నిలబెట్టింది పసుపు జాకెట్ కాదు, నేను కాదు, తన భయం. ఆ భయాన్ని నేను స్క్రూడ్రైవరు పెట్టి విప్పేశాను. లైటు సరిగ్గా కొట్టుకున్న రోజుల్లో కూడా ఎప్పుడైనా, ఎవరైనా చూడకపోయి ఉంటే? నేను రైల్లో హాయిగా నిద్రపోయిన ఆ ఉదయాలన్నీ గుర్తొచ్చాయి.

"రేపట్నుంచి దిగి నెట్టుకుంటూ వెళ్ళు" అన్నాను.

"లైటు బాగుపడింది కదా."

"లైటు ఉంటే ఉండనీ. నువ్వు దిగు."

"షెడ్డోళ్ళు ఆ దారినే వస్తారే. ఒకడు చూసి ఆల్రెడీ నవ్వాడు. బైక్‌ని వాకింగ్‌కి తీసుకుపోతన్నావా అని."

"నవ్వనీ" అన్నాను. తను సరే అనలేదు. దిగకుండా పోతాడని నాకు తెలిసిపోయింది. ఒకసారి ధైర్యం రుచి చూసినవాడు నా మాట మీద దిగడు.

మర్నాడు ఉదయం నాకు క్లాసు ఉంది. దాని సంగతి ఎత్తకుండా, రెండో హెల్మెట్ పెట్టుకుని బండి వెనక ఎక్కి కూచున్నాను. తను వెనక్కి తిరిగి చూసి, బండి స్టార్ట్ చేశాడు. రౌండబౌటు కనపడగానే తన వీపు బిగుసుకుపోవడం నా చేతులకు తెలిసింది.

"ఆపు" అన్నాను.

ఆపాడు. నేను దిగాను. తను దిగకుండా రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, వచ్చేపోయే కార్లను చూస్తూ కూచున్నాడు. లైటు కొట్టుకుంటూనే ఉంది. నేను వెనక్కి వెళ్ళి సీటు మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాను. చాలాసేపటికి ఇంజను ఆపి, కాలు తిప్పి దిగాడు. తను హ్యాండిలు పట్టుకున్నాడు. నేను వెనకనుంచి నెట్టాను. నడిచేవాళ్ళు దాటే చోట మూడు కార్లు పోనిచ్చి, రోడ్డు మీద అడుగుపెట్టాం. ఒక యూటువాడు హారను కొట్టి కిటికీలోంచి ఏదో అరిచాడు. వాడి బాబుకు కూడా వినపడేంత గట్టిగా తెలుగులో తిట్టాను. మా ఆయన నవ్వాడో ఏడ్చాడో హెల్మెట్‌లో తెలియలేదు, భుజాలు మాత్రం కదిలాయి.

అవతలి వైపు చేరాక కూడా తను హ్యాండిలు వదల్లేదు. నేను సీటు మీంచి చెయ్యి తియ్యలేదు. షిఫ్టుకు టైమవుతోందని ఇద్దరికీ తెలుసు. అయినా అక్కడే, గడ్డిలో, బండి పట్టుకుని నిలబడి ఉన్నాం.